ఆలస్యంగా తేలిన నీలిరంగు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

పరీక్షా ఫలితాలు వెలువడిన మరునాడు మన కళాశాల వరండాలో రెండు రకాల ముఖాలు కనిపిస్తాయి. నెగ్గినవారు గుంపుగా నిలబడి మాట్లాడుకుంటారు. తప్పినవారు రారు, వచ్చినా గోడవారగా నడిచి వెళ్లిపోతారు. అట్లా వెళ్లినవారిలో కొందరు మళ్లీ తరగతికి వస్తారు, కొందరు రారు. మిరప కల్లాలలోనో, సున్నపురాయి క్వారీలలోనో, మాచర్ల రోడ్డు మీది మెకానిక్ షాపులలోనో కొన్ని నెలల తరువాత వారిని మేము చూస్తూ ఉంటాము. చూచినప్పుడు నమస్కరిస్తారు, సలాము చేస్తారు, కాని చదువు మాట ఎత్తరు. ఆ విద్యార్థులను మనస్సులో ఉంచుకొని ఈ సంవత్సరం ఈ సంచికకు ఒక మహనీయుని జీవితాన్ని వ్రాయ సంకల్పించినాము. ఆయన మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పినారు. ఆ తరువాత మానవ కణాలలోని శక్తి ఏ రూపంలో ఉంటుందో లోకానికి తెలిపినవారిలో ఒకరైనారు.

ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895వ సంవత్సరం జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించినారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానంలో ఆయన నాల్గవవారు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం విరమించుకోవలసి వచ్చినది. పెద్ద కుటుంబం, చాలీచాలని రాబడి. ఈ పరిస్థితి మన విద్యార్థులలో చాలమందికి మేము వర్ణించి చెప్పనక్కరలేదు.

బాలుడైన సుబ్బారావుకు చదువు మీద మనస్సు నిలువలేదు. పదమూడవ ఏట ఇల్లు విడిచి కాశీ ప్రయాణం కట్టినారు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించవచ్చునని ఆయన ఊహ. నిడదవోలు దాటకముందే ఇంటివారు పట్టుకొని వెనుకకు తెచ్చినారు. తల్లి వెంకమ్మగారు కఠినురాలు. కుమారుడు చదివి తీరవలసినదేనని ఆమె పట్టు. ఒంటిమీది నగలు అమ్మి రాజమహేంద్రవరంలో చదివించినారు. అంత చేసినా ఆయన పరీక్ష తప్పినారు, మరల తప్పినారు. ఇంతలో తండ్రి మరణించినారు. మూడవ పర్యాయం మద్రాసు హిందూ హైస్కూలు నుండి పరీక్షకు కూర్చుని ఉత్తీర్ణులైనారు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివినారు.

ఆ రోజులలో ఆయనకు రామకృష్ణ మఠంతో సాన్నిహిత్యం కలిగినది. సన్యసించి సేవాకార్యంలో జీవితం గడపవలెనని కోరుకున్నారు. తల్లి అనుమతి లేనిదే స్వీకరించలేమని మఠంలోని పెద్దలు చెప్పినారు. వైద్యం నేర్చి రోగులకు సేవ చేయమన్న సలహా కూడా వారిదే. ఆ విధంగా 1915లో మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించినారు. ఖర్చులకు మిత్రులు, పిమ్మట మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సాయపడినారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరిగారితో వివాహం జరిగినది.

స్వాతంత్ర్యోద్యమపు వేడి అప్పుడు కళాశాలలను కూడా తాకినది. గాంధీజీ పిలుపు విని విదేశీ వస్త్రాలను విసర్జించిన సుబ్బారావుగారు శస్త్రచికిత్సా తరగతికి సైతం ఖద్దరు అంగీతో వెళ్లినారు. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డుకు అది గిట్టలేదు. వ్రాత పరీక్షలలో చక్కగా వ్రాసినప్పటికీ ఆయనకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టం దక్కలేదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించినది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నించి విఫలులైనారు. చివరకు మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరినారు.

ఈ కాలంలోనే ఆ కుటుంబాన్ని స్ప్రూ అనే వ్యాధి కబళించినది. ఇది ప్రేగులకు సంబంధించిన వ్యాధి. తిన్న ఆహారం ఒంటబట్టదు, రక్తం క్షీణిస్తుంది, మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుగారి సోదరులిద్దరు స్వల్పకాల వ్యవధిలో దీనికి బలియైనారు. ఆయనకు సైతం ఆ జబ్బు సోకినది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడినారు. తాను వైద్యుడై ఉండి తోబుట్టువులను కాపాడుకోలేకపోయిన బాధ ఆయనను అమెరికాకు నడిపించినదని ఆయన జీవితం తెలిసినవారు భావిస్తారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ, మామగారు కూర్చిన ధనం ఆసరాగా 1920ల తొలి సంవత్సరాలలో ఆయన ఓడ ఎక్కి బోస్టన్ నగరం చేరినారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రంలో డిప్లొమా పొందినారు. పొట్ట గడవడానికి రాత్రివేళ ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపు పాత్రలు తీసి శుభ్రపరిచే పని చేసినారు. వైద్య పట్టం గల మనిషి ఆ పనిని చిన్నతనంగా తలచలేదు.

తరువాత హార్వర్డ్ వైద్య కళాశాలలోని జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద చేరినారు. ఇక్కడ కొంచెం శాస్త్రవిషయం చెప్పక తప్పదు. మేము తెలుగు బోధించేవారము. మా సైన్సు సహాధ్యాపకులు ఓపికగా వివరించగా గ్రహించినంత చెబుతాము.

మన శరీరం కోట్లకోట్ల కణాల సముదాయం. ప్రతి కణంలో నీరు, మాంసకృత్తులు, కొవ్వులు, చక్కెరలు, న్యూక్లియిక్ ఆమ్లాలు ఉంటాయి. ఇవన్నీ అణువులే. కణంలో ప్రతి పనికీ శక్తి కావలెను. కండరం ముడుచుకోవడానికి కావలెను, నాడిలో సంకేతం పోవడానికి కావలెను, ఒక కొత్త మాంసకృత్తు తయారు కావడానికి కూడా కావలెను. తిన్న అన్నంలో శక్తి ఉన్నది. కాని అన్నంలోని శక్తిని కండరం తిన్నగా వాడుకోలేదు. ఆ మధ్యలో ఉన్నది ఏమిటన్నదే ఆనాటి ప్రశ్న.

కణాలలో భాస్వరం, అనగా ఫాస్ఫరస్, పలు రూపాలలో ఉన్నదని అప్పటికే తెలుసును. అది ఎంత ఉన్నదో సులభంగా కొలిచే మార్గం లేదు. ఫిస్క్, సుబ్బారావు కలిసి ఒక పద్ధతిని రూపొందించి 1925లో ప్రచురించినారు. పరీక్షించవలసిన ద్రవానికి మాలిబ్డేటు అనే లవణాన్ని, మరొక క్షయకరణ ద్రవ్యాన్ని చేర్చితే నీలిరంగు తేలుతుంది. భాస్వరం ఎక్కువైతే రంగు చిక్కన, తక్కువైతే పలుచన. ఆ రంగును కలరీమీటరుతో పోల్చి పరిమాణం తెలుసుకోవచ్చును. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని దీనికి పేరు. ప్రపంచంలో అత్యధికంగా ఉదహరించబడిన శాస్త్రపత్రాలలో అది ఒకటి. నేటికీ జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులు ఈ పేరు వింటారు. అందులోని రెండవ పేరు భీమవరపు తెలుగువానిదని మాత్రం చాలమందికి తెలియదు.

ఈ పద్ధతితో కండరపు రసాన్ని పరీక్షించినప్పుడు ఒక విచిత్రం కనబడినది. నీలిరంగు వెంటనే పూర్తిగా తేలలేదు. కొంత తేలి, నిమిషాలు గడచిన కొద్దీ మరికొంత చిక్కబడుతూ పోయినది. తొందరపడేవారైతే పరికరం చెడిపోయినదనో, మందు పాతబడినదనో అనుకొని ఆ ద్రవాన్ని పారబోసి ఉందురు. వారు పారబోయలేదు. రంగు ఎందుకు ఆలస్యమైనదని ప్రశ్నించినారు. కండరంలో భాస్వరం ఒక అస్థిరమైన పదార్థంలో బంధింపబడి ఉన్నదనీ, పరీక్షలో వాడే ఆమ్లంలో అది మెల్లగా విడిపోతూ భాస్వరాన్ని విడుదల చేస్తున్నదనీ, అందుచేతనే రంగు నెమ్మదిగా తేలుతున్నదనీ కనుగొన్నారు. అదే ఫాస్ఫోక్రియేటిన్. 1927లో ఈ విషయం వెల్లడియైనది. ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా అదే కాలంలో వేరుగా ఈ పదార్థాన్ని గుర్తించినారు.

రెండేళ్లకు, 1929లో, ఫిస్క్, సుబ్బారావు కండరం నుండి మరొక భాస్వర పదార్థాన్ని వేరుపరిచినట్లు ప్రకటించినారు. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, క్లుప్తంగా ఏ.టి.పి. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. అప్పటివరకు కండరం పనిచేయడానికి మూలం లాక్టిక్ ఆమ్లమని పండితులు నమ్మేవారు. 1922 నోబెల్ బహుమతి పొందిన హిల్, మేయర్‌హాఫ్‌ల కృషి ఆ దారిలోనే సాగినది. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం లేకుండానే కండరం ముడుచుకోగలదని నిరూపించినారు. 1941లో లిప్‌మన్ ఫాస్ఫేటు బంధాలలోని శక్తియే కణాల పనులన్నింటినీ నడుపుతున్నదని సమన్వయించి చెప్పినారు. ఈ మార్పుకు పునాదిరాళ్లు వేసినవారిలో సుబ్బారావుగారు ఒకరు.

మన పల్నాటి విద్యార్థులకు ఇది మిరప రైతు లెక్కతో చెబితే సులభంగా తెలుస్తుంది. రైతు పంట కోల్డు స్టోరేజీలో ఉన్నది. అది సంపదే, కాని సాయంకాలం కూలీలకు బస్తా చూపిస్తే కుదరదు, చేతిలో నగదు ఉండవలెను. శరీరంలోని కొవ్వు, చక్కెర నిలవ ఉన్న సరుకు వంటివి. ఏ.టి.పి. చేతిలోని నగదు. కణంలోని మైటోకాండ్రియాలు సరుకును నగదుగా మార్చే చోటు. ఒక్కసారిగా పెద్ద ఖర్చు వచ్చినప్పుడు, సరుకు అమ్ముడుపోయేలోగా పక్కింటివాని వద్ద చేబదులు తెచ్చుకుంటాము. ఆ చేబదులే ఫాస్ఫోక్రియేటిన్. పరుగుపందెంలో మొదటి కొద్ది క్షణాలు కండరం దాని మీదనే ఆధారపడుతుంది. విశ్రాంతి వేళ ఆ బాకీ తీరుస్తుంది. ఏ ఒక్క క్షణంలోనైనా మన శరీరంలో ఉన్న ఏ.టి.పి. కొన్ని పదుల గ్రాములు మాత్రమే. అయితే అది ఖర్చవుతూ, మళ్లీ తయారవుతూ, ఒక దినంలో తిరిగే మొత్తం మన శరీరపు బరువుకు దీటుగా ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా.

సుబ్బారావుగారికి 1930లో డాక్టరేటు లభించినది. కాని హార్వర్డులో శాశ్వతమైన పదవి లభించలేదు. ఆయన వేరుపరిచిన కొన్ని న్యూక్లియోటైడులు ఫిస్క్ ప్రచురణకు అనుమతించనందున మరుగున పడి, ఏళ్ల తరువాత ఇతరుల చేత మరల కనుగొనబడినవని, ఆయన సహచరుడూ 1988 నోబెల్ గ్రహీతయూ అయిన జార్జి హిచింగ్స్ తరువాతి కాలంలో తెలిపినారు. సుబ్బారావుగారు మాత్రం ఎవరి మీదా ఫిర్యాదుకు పోలేదు. 1940లో హార్వర్డు వదలి న్యూయార్కు రాష్ట్రంలో పెరల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, స్వల్పకాలంలోనే పరిశోధనా విభాగానికి అధిపతియైనారు.

అక్కడ గడిపిన ఎనిమిదేళ్లలో ఆయన నాయకత్వాన వెలువడిన ఔషధాలు ఒక జీవితకాలానికి మించినవి. మొదటిది ఫోలిక్ ఆమ్లం. బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, ఈస్టు సారంలో ఆ జబ్బును కుదిర్చే ఏదో ద్రవ్యం ఉన్నదని 1930ల ఆరంభంలో చూపినారు. అటువంటి ద్రవ్యాన్ని కాలేయం నుండి శుద్ధిచేసి, దాని నిర్మాణం తెలుసుకొని, 1945లో ప్రయోగశాలలో తయారుచేసినది సుబ్బారావుగారి బృందం. అది స్ప్రూ వ్యాధిలోని రక్తక్షీణతకు కూడా పనిచేసినది. సోదరులను బలిగొన్న వ్యాధికి ఆయన చేతుల మీదుగా మందు వచ్చేసరికి వారు పోయి ఇరవై ఏళ్లు దాటినది.

ఈ ఫోలిక్ ఆమ్లం కొత్త కణం పుట్టడానికి అత్యవసరం. గర్భిణులకు తగినంత అందితే శిశువుకు వెన్నుపాము లోపాలు చాలవరకు నివారింపబడతాయని 1991లో వెలువడిన పరిశోధన నిర్ధారించినది. మన ఊరి ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇచ్చే, పాఠశాలలలో పిల్లలకు వారానికొకసారి మింగించే ఐరన్ మాత్రలో ఇనుముతోపాటు ఉండేది ఇదే. ఆ మాత్రను జేబులో దాచి బయట పారవేసే విద్యార్థులను మేము ఎరుగుదుము. దాని వెనుక ఎవరి శోకం ఉన్నదో ఇకమీద జ్ఞాపకముంచుకొందురు గాక.

కణం పుట్టడానికి ఫోలిక్ ఆమ్లం అవసరమైతే, దానిని పోలి ఉండి దాని పనిని అడ్డగించే అణువు విచ్చలవిడిగా పెరిగే క్యాన్సరు కణాన్ని ఆపగలదు కదా! ఈ ఆలోచనకు రూపమే అమినాప్టెరిన్. దీనిని సుబ్బారావుగారి బృందం తయారుచేసి బోస్టన్‌లోని డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు అందించినది. రక్తక్యాన్సరుతో మరణశయ్యపై ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో మెరుగు కనిపించినదని 1948లో ప్రకటించినారు. ఆ మెరుగు తాత్కాలికమే. కాని ఆ వ్యాధి మందుకు లొంగగలదని లోకం చూచినది అప్పుడే. దాని సోదర ద్రవ్యమైన మెథోట్రెక్సేటు నేటికీ క్యాన్సరుకు, కీళ్లవాతానికి వాడుకలో ఉన్నది.

మూడవది హెట్రజాన్, అనగా డైఇథైల్ కార్బమజైన్. 1947లో వెలువడిన ఈ మందు బోదకాలు వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిములను నశింపజేస్తుంది. ఏనుగుపాదాల వంటి కాళ్లతో బాధపడే మనుషులను గోదావరి తీరంలో ఆయన బాల్యమందే చూచి ఉందురు. మన దేశంలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే డి.ఇ.సి. మాత్ర ఇదియే. నాల్గవది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతికి చెందిన తొలి మందు ఇది. పదవీ విరమణ చేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డుగ్గర్‌ను సుబ్బారావుగారి సంస్థ పిలిచి పని అప్పగించినది. డెబ్బది ఏళ్లు దాటిన ఆ వృద్ధుడు మిస్సోరీ రాష్ట్రపు మట్టిలోని సూక్ష్మజీవి నుండి దానిని సాధించినారు. 1948లో అది లోకానికి ప్రకటింపబడినది.

ఆ సంవత్సరమే ఆగస్టులో ఒకనాటి ఉదయం సుబ్బారావుగారు నిద్రలోనే గుండెపోటుతో మరణించినట్లు కనుగొన్నారు. వయస్సు 53 ఏళ్లు. ఆయనకు నోబెల్ బహుమతి రాలేదు. సంస్థ కీర్తి ప్రకటించే సభలలో తాను వెనుక వరుసలో ఉండి సహచరులను ముందుకు నెట్టేవారు. ఒక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టినారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసినది.

ఆయన జీవితం సంపూర్ణమైన ఆదర్శమని మేము చెప్పబోము. దేశం విడిచి వెళ్లిన మనిషి మరల తిరిగి రాలేదు. తల్లి కుమారుని మరల చూడలేదు. శేషగిరిగారు భర్త కోసం దశాబ్దాలు నిరీక్షించినారు. ఆ దంపతులకు కలిగిన ఒక్క కుమారుడు పసితనంలోనే గతించినాడు. లక్షలాది తల్లుల బిడ్డలను కాపాడిన మందుల లెక్కలో ఈ ఇల్లాలి కన్నీటిని ఏ పద్దు కింద వ్రాయవలెనో మాకు తోచదు. ఉర్దూ మాట్లాడే మన ఇండ్లలో ఓర్పును సబర్ అంటారు. ఆ గుణం ప్రయోగశాలలో రంగు తేలే వరకు కూర్చున్న శాస్త్రజ్ఞునిదే కాదు, వీథివైపు చూస్తూ కూర్చున్న ఆ స్త్రీది కూడా. గొప్పవారి చరిత్ర చదివేటప్పుడు వారి వెనుక నిలిచినవారిని మరువరాదు. నగలమ్మిన వెంకమ్మగారు లేనిదే ఈ కథ లేదు. మన విద్యార్థుల ఇండ్లలో సైతం వెండి పట్టీలు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తల్లులు ఎందరో కలరు.

చివరిగా రెండు మాటలు. విద్యార్థులారా, ఒకసారి తప్పినంత మాత్రాన మీలో ఏమీ లేదని నిర్ణయించుకోకండి. కొన్ని ద్రవాలలో రంగు వెంటనే తేలుతుంది, కొన్నింటిలో ఆలస్యంగా తేలుతుంది. ఆలస్యంగా తేలినచోటనే ఫాస్ఫోక్రియేటిన్ దొరికినది. కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా మనవి చేసేది ఒకటి కలదు. ప్రథమశ్రేణిలో నెగ్గినవారికి మనం ఏటేటా బహుమతులిస్తున్నాము, అది ఉచితమే. తప్పి, మరల వ్రాయదలచి, రుసుము కట్టలేక ఆగిపోయినవారికి ఆ రుసుము కట్టే చిన్న నిధి ఒకటి ఏర్పరచగలిగితే, దానిపై ఎవరి పేరు ఉండవలెనో ఈ వ్యాసం చదివినవారికి వేరుగా చెప్పనవసరం లేదు. ద్రవం పారబోయకుండా మరికొన్ని నిమిషాలు వేచి ఉండడమే మనం చేయవలసిన పని.